ఆన్‌లైన్ చర్చను చివరి రిప్లై దాకా దాచుకోవడం ఎలా?

మంచి చర్చ దొరికింది, బుక్‌మార్క్ చేసి పెట్టుకున్నాను, ఆర్నెల్లకు తెరిస్తే పేజీ లేదు, ఇప్పుడేం చేయాలి? చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇది. బుక్‌మార్క్‌లో ఉండేది చిరునామా మాత్రమే, అక్కడ జనం రాసిన మాటలు ఉండవు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం 2013 నాటి వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లకు అందకుండా పోయాయి. సైటే మూతపడితే ఏళ్ల తరబడి పోగైనదంతా ఒక్కసారే పోతుంది. సినిమాల మీద ఏళ్లుగా సాగిన ఐఎమ్‌డీబీ చర్చలు 2017 ఫిబ్రవరిలో, ఇంటి పనుల దగ్గర్నుంచి అన్నిటికీ సలహాలు దొరికిన యాహూ ఆన్సర్స్ 2021 మేలో అలాగే ఆగిపోయాయి. లింకులు దాచిపెట్టే పాకెట్ సేవను కూడా 2025 జులైలో మూసేశారు. అందుకే నకలు మీ చేతిలో, మీ డిస్కులో ఉండాలి.

ఇంకో సంగతి మొదట్లోనే చెప్పాలి. చర్చలో అసలు విలువ చాలాసార్లు పై జవాబు కింద నడిచిన వాదనలో ఉంటుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన పాత ఫోటోను ఎలా విడదీయాలని ఎవరో అడిగారనుకోండి. ఎక్కువ మంది మెచ్చిన జవాబు "నీళ్లలో నానబెట్టండి" అంటుంది. దాని కింద మడతపెట్టి ఉన్న రిప్లైల్లో ఒకరు "ల్యాబులో కడిగిన ఫోటోకైతే ప్రయత్నించొచ్చు, ఇంక్‌జెట్ ప్రింటైతే రంగు నీళ్లలో కలిసిపోతుంది" అని ఆపుతారు. ఇంకొకరు "ఏం చేసినా ముందు అద్దం మీదుగానే ఒక స్కాన్ తీసి పెట్టుకోండి" అంటారు. పై జవాబొక్కటే కాపీ చేసుకున్నవాళ్ల దగ్గర మిగిలేది ఫోటోను పాడుచేసే సలహా. కింద చెప్పే పద్ధతి ఆ మడతల్లోని రిప్లైలు కూడా పోకుండా ఉండటానికే.

కావలసినవి

- ఫైర్‌ఫాక్స్, క్రోమ్ లేదా ఎడ్జ్ బ్రౌజరున్న కంప్యూటరు. ఫోనుతోనూ అవుతుంది గానీ పొడవాటి చర్చలకు కష్టం.
- సింగిల్‌ఫైల్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజరుకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. పేజీ మొత్తాన్ని ఒకే ఫైలుగా దాస్తుంది. ఉచితం. బ్రౌజరు సొంత ఎక్స్‌టెన్షన్ల పేజీ నుంచే వేసుకోండి.
- ఒక ఫోల్డరు, దాని నకలు పెట్టడానికి పెన్‌డ్రైవ్ గానీ బయటి హార్డ్‌డిస్క్ గానీ.
- జాబితా రాసుకోవడానికి ఒక స్ప్రెడ్‌షీట్.

చోటు గురించి దిగులు అక్కర్లేదు. మాటలే ఎక్కువున్న చర్చ కొద్ది ఎంబీల్లో సరిపోతుంది. పెద్ద ఫోటోలు నిండిన చర్చలే బరువు.

1. సరైన చిరునామా పట్టుకోండి

మీరు చర్చను ఫీడ్‌లోనో వెతుకులాట ఫలితాల్లోనో చదువుతుంటే పైన కనిపించే చిరునామా ఆ చర్చది కాకపోవచ్చు. చర్చ శీర్షిక మీద గానీ పోస్టు తేదీ మీద గానీ నొక్కండి. దాని సొంత పేజీ తెరుచుకుంటుంది. ఒక్క కామెంటు లింకు ద్వారా వచ్చి ఉంటే "మొత్తం చర్చ చూడండి" అనే అర్థం వచ్చే లింకు పైన ఉంటుంది, అది నొక్కండి. లేకపోతే ఆ ఒక్క కామెంటు కొమ్మే సేవ్ అవుతుంది.

యాప్‌లోంచి షేర్ చేసిన లింకుల్లో ప్రశ్నార్థకం గుర్తు తర్వాత పొడుగాటి తోక ఉంటుంది. చాలాసార్లు అది మీరు ఎక్కడి నుంచి వచ్చారో గుర్తుపట్టడానికి తగిలించినదే, తీసేయొచ్చు. అయితే కొన్ని సైట్లలో చర్చ నంబరు ఉండేది కూడా ఆ తోకలోనే. కాబట్టి తీసేశాక కొత్త ట్యాబ్‌లో తెరిచి, అదే చర్చ వచ్చిందో లేదో చూశాకే ఆ చిరునామా రాసుకోండి. కుదించిన పొట్టి లింకులను అలాగే దాచవద్దు. కుదించే సేవ ఆగిపోతే ఆ లింకు ఎక్కడికి వెళ్లేదో కూడా తెలియదు.

2. పేజీని పూర్తిగా విప్పండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. సింగిల్‌ఫైల్ మామూలు సెట్టింగుల్లో పేజీలోని స్క్రిప్టులను, దాగి ఉన్న భాగాలను తీసేసి దాస్తుంది. అంటే మడతపెట్టి ఉన్న రిప్లై నకలులోకి రాదు. "మరిన్ని రిప్లైలు" బటన్ వచ్చినా, తర్వాత నొక్కితే పనిచేయదు. సేవ్ చేసే క్షణానికి తెర మీద విప్పి ఉన్నదే మీకు దక్కుతుంది.

- ముందు వరుసను "పాతవి ముందు"కు మార్చండి. "టాప్" వరుసలో పెడితే దిద్దుబాటు పైకి, దిద్దిన మాట కిందికి పోయి ఎవరు ఎవరికి చెప్పారో తెలియకుండా పోతుంది.
- చివరి దాకా నెమ్మదిగా స్క్రోల్ చేయండి. చాలా పేజీల్లో ఫోటోలు తెర దగ్గరికి వచ్చాకే లోడవుతాయి. ఒక్క ఊపులో కిందికి లాగేస్తే వాటి చోట బూడిదరంగు డబ్బాలే మిగులుతాయి.
- కనిపించిన ప్రతి "మరిన్ని రిప్లైలు", "ఇంకా చదవండి", "దాచిన కామెంటు" నొక్కండి. ఒక మడత విప్పితే లోపల ఇంకో మడత ఉంటుంది, కాబట్టి రెండో విడత మళ్లీ పైనుంచి చూసుకుంటూ రండి.
- చర్చ చాలా పేజీల్లో ఉంటే ప్రతి పేజీని విడి ట్యాబ్‌లో తెరవండి. సింగిల్‌ఫైల్ మెనూలో అన్ని ట్యాబ్‌లనూ ఒకేసారి సేవ్ చేసే ఎంపిక ఉంది.

కొన్ని సైట్లు మీరు కిందికి వెళ్లినకొద్దీ పైన చదివేసిన పోస్టులను పేజీలోంచి తీసేస్తాయి. కళ్లకు తేడా తెలియదు. కనిపెట్టడం సులభం: చివరికి చేరాక కంట్రోల్+ఎఫ్ నొక్కి మొదటి పోస్టులోని ఒక అరుదైన మాట వెతకండి. దొరక్కపోతే ఆ సైటు ఈ రకమే. డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే సైట్లు ఇలాగే ఉంటాయి. వాటిలో కంట్రోల్+పీ నొక్కితే ప్రింటు కోసం పోస్టులన్నీ వరుసగా ఉన్న వేరే పేజీ తెరుచుకుంటుంది, దాన్ని సేవ్ చేసుకోండి. వేరే సైట్లలో ప్రింటు వీలు లేకపోతే పదీ ఇరవై పోస్టులకొకసారి ఆగి, ముక్కలుగా సేవ్ చేయడమే మార్గం. ముక్కకూ ముక్కకూ మధ్య రెండు పోస్టులు రెండింట్లోనూ ఉండేలా చూసుకుంటే ఏదీ జారిపోదు.

3. తేదీలు రాసుకోండి

"3 రోజుల క్రితం", "2 ఏళ్ల క్రితం" అని ఉన్న తేదీ నకలులో అలాగే గడ్డకట్టుకుపోతుంది. ఐదేళ్ల తర్వాత తెరిచినా "3 రోజుల క్రితం" అనే ఉంటుంది. ఆ మాట మీద మౌస్ ఉంచితే చాలా సైట్లలో అసలు తేదీ చిన్న పెట్టెలో కనిపిస్తుంది. మొదటి పోస్టుదీ చివరి పోస్టుదీ కాగితం మీదో జాబితాలోనో రాసుకోండి. కళల మీద చర్చకు ఇది కొంత తేడాయే. మందులు, కరెంటు పని, పన్నుల లాంటి వాటి మీద సలహాకైతే తేదీ లేకుండా విలువే లేదు.

4. సేవ్ చేయండి

సింగిల్‌ఫైల్ గుర్తు మీద ఒక్కసారి నొక్కండి. ఫోటోలు, అచ్చు తీరు అన్నీ లోపలే ఇమిడిన ఒకే హెచ్‌టీఎమ్‌ఎల్ ఫైలు (బ్రౌజరులో తెరుచుకునే రకం) డౌన్‌లోడ్‌ల ఫోల్డరులోకి వస్తుంది. పెద్ద పేజీకి నిమిషం పట్టొచ్చు, ఆలోపు ఆ ట్యాబ్‌ను కదిలించవద్దు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదట్లోనే అసలు చిరునామా, సేవ్ చేసిన తేదీ ఉంటాయి. ఎక్కడి నుంచి తెచ్చారో మరిచిపోయిన రోజున ఇది ఆదుకుంటుంది.

ఎక్స్‌టెన్షన్ వేసుకునే వీలు లేనప్పుడు వేరే దారులున్నాయి. ఒక్కోదానికి ఒక్కో లోపం.

బ్రౌజర్‌లోని సేవ్ యాజ్: "వెబ్‌పేజ్, కంప్లీట్" ఎంచుకుంటే ఒక ఫైలు, దాని పేరుతోనే ఒక ఫోల్డరు వస్తాయి. రెండూ కలిసే ఉండాలి. ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌కు ఎక్కిస్తే ఫోటోలన్నీ పోతాయి. క్రోమ్‌లోని "సింగిల్ ఫైల్" ఎంపిక ఎమ్‌హెచ్‌టీఎమ్‌ఎల్ రకం ఇస్తుంది, దాన్ని ఫైర్‌ఫాక్స్ నేరుగా తెరవదు.

పీడీఎఫ్: కంట్రోల్+పీ నొక్కి ప్రింటర్ చోట పీడీఎఫ్ ఎంచుకోండి. "హెడర్స్ అండ్ ఫుటర్స్" గడిలో టిక్కు పెడితే ప్రతి పుట మీదా చిరునామా, తేదీ పడతాయి. చదవడానికి, ఇంకొకరికి చూపడానికి పీడీఎఫ్ బాగుంటుంది. కానీ తెలుగు చర్చకు దాన్నే ఏకైక నకలుగా పెట్టుకోవద్దు. పీడీఎఫ్‌లో ఒత్తులు, గుణింతాలు అచ్చు ఆకారాలుగా నిలుస్తాయి. చూపుకు సరిగ్గానే ఉన్నా, కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోవడం, వెతికితే మాట దొరక్కపోవడం తరచూ జరుగుతుంది.

స్క్రీన్‌షాట్: ఇంకేదీ కుదరనప్పుడే. అందులో మాటను వెతకలేరు, లింకు నొక్కలేరు. తప్పనిసరైతే ఫైర్‌ఫాక్స్‌లో కుడి క్లిక్ చేసి "టేక్ స్క్రీన్‌షాట్" ద్వారా పేజీ మొత్తాన్ని ఒకే బొమ్మగా తీయండి.

మాటలు మాత్రమే చాలనుకుని నోట్‌ప్యాడ్‌లో అతికించుకునేవాళ్లు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైలులో దాచే తీరు) యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసి సేవ్ చేయండి. పాత కంప్యూటర్లలో అది "ఏఎన్ఎస్ఐ" అని ఉండి, తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. ఒకసారి అలా సేవ్ అయితే తిరిగి తెచ్చుకోలేరు.

వీడియోలు, ఆడియోలు ఈ పద్ధతులన్నిటిలోనూ చాలాసార్లు బయటే ఉండిపోతాయి. చర్చ ఒక పాట మీదో నాట్యం వీడియో మీదో నడిస్తే, ఆ వీడియో పేరు, పెట్టినవారి పేరు, ఏ నిమిషం గురించి మాట్లాడుతున్నారో జాబితాలో రాయండి. లింకు చచ్చినా ఆ పేరుతో వేరేచోట వెతికే వీలుంటుంది.

5. బయట ఇంకో నకలు పెట్టండి

బహిరంగంగా, లాగిన్ లేకుండా తెరుచుకునే చర్చ అయితే వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో కూడా ఎక్కించండి. "సేవ్ పేజ్ నౌ" పెట్టెలో చిరునామా అతికించి నొక్కడమే. పని పూర్తయ్యాక వచ్చే కొత్త చిరునామాలో 14 అంకెలుంటాయి. ఉదాహరణకు 20250314093000 అంటే 2025 మార్చి 14, యూటీసీ అనే అంతర్జాతీయ కాలమానంలో ఉదయం 9:30 గంటలు.

ఎక్కించగానే అది తెరిచి చూడండి. లాగిన్ అడిగే పేజీ, ఖాళీ పేజీ, "మీరు రోబో కాదని నిరూపించండి" పేజీ సేవ్ అయి కూర్చోవడం మామూలే. అనేక పేజీల చర్చ అయితే ప్రతి పేజీ చిరునామానూ విడిగా ఇవ్వాలి. కొన్ని సైట్లు ఆర్కైవ్‌ను రానివ్వవు. రెడిట్ అనే చర్చల సైటు కూడా 2025 ఆగస్టులో ఆంక్షలు ప్రకటించింది. అలాంటిచోట మీ డిస్కులోని నకలే దిక్కు.

అక్కడ ఎక్కించినది అందరికీ కనిపిస్తుందని గుర్తుంచుకోండి. ఎవరైనా తమ అనారోగ్యం, ఇంటి గొడవ గురించి మనసు విప్పి సలహా అడిగిన చర్చను బయట ఎక్కించవద్దు. మీ వరకు దాచుకోండి, చాలు.

6. పేరు, జాబితా

ఫైలు పేరు తేదీతో మొదలుపెట్టండి: సంవత్సరం-నెల-రోజు, తర్వాత అంశం, తర్వాత సైటు పేరు. "2025-03-14 అద్దానికి అతుక్కున్న ఫోటో", దాని పక్కన సైటు పేరు, అన్నట్టు. అప్పుడు పేర్ల వరుసే కాలక్రమం అవుతుంది. పేజీల చర్చ అయితే చివర 01, 02 చేర్చండి. ఉత్త 1, 2 అని పెడితే 10వ పేజీ 2 కంటే ముందుకు వచ్చి కూర్చోవచ్చు.

తెలుగు పేర్లు పొట్టిగా ఉండాలి. ఆండ్రాయిడ్, లైనక్స్‌లలో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. తెలుగులో అక్షరం, ఒత్తు, గుణింతపు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు తింటాయి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరమే అయినా 18 బైట్లు. చర్చ శీర్షికనంతా పేరుగా పెట్టిన ఫైలు విండోస్‌లో బాగానే ఉండి, ఫోనులోకి కాపీ చేసేటప్పుడు మొరాయించేది అందుకే. నాలుగైదు మాటలు దాటనివ్వకండి.

జాబితాలో ఒక్కో చర్చకు ఒక్కో వరుస: సేవ్ చేసిన తేదీ, చర్చ మొదలైన తేదీ, అంశం, అసలు చిరునామా, వేబ్యాక్ చిరునామా, ఫైలు పేరు, మొత్తం రిప్లైల సంఖ్య. ఇంకొక్క గడి తప్పనిసరిగా పెట్టండి: ఏం తేలింది. "12వ రిప్లై పై సలహాను సరిదిద్దింది, ఇంక్‌జెట్‌కు పనికిరాదు" అని ఒక్క వాక్యం చాలు. ప్రమాదముంటే అక్కడే రాయండి. బాత్రూం శుభ్రం చేయడం మీద చర్చలో "బ్లీచ్‌లో వెనిగర్ కలపండి" అని ఒకరు రాసి ఉంటే, ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుందన్న హెచ్చరిక మీ జాబితాలో మొదటి మాట కావాలి.

జాబితాను సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసే ఉత్త టెక్స్ట్ రకంగా) దాచవద్దు. ఎక్సెల్‌లో తెరిచినప్పుడు తెలుగు గందరగోళంగా కనిపించే అవకాశం ఎక్కువ. స్ప్రెడ్‌షీట్ మామూలు రకంలోనే ఉంచండి. వందల చర్చలు పోగయ్యేలా ఉంటే జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. పేజీ నకలు, చిరునామా, మీ నోట్సు ఒకేచోట ఉంటాయి.

7. సరిగ్గా దాగిందో లేదో చూడండి

సేవ్ చేసిన వెంటనే, అసలు పేజీ ఇంకా తెరిచి ఉండగానే ఈ పని చేయాలి.

- ఇంటర్నెట్ ఆపేసి ఫైలు తెరవండి. నెట్ ఉన్నప్పుడు బాగా కనిపించే నకలు ఫోటోలను అసలు సైటు నుంచే తెచ్చుకుంటూ ఉండొచ్చు.
- కంట్రోల్+ఎఫ్‌తో మొదటి పోస్టులో ఒక మాట, అన్నిటికంటే లోపలి మడతలోని రిప్లైలో ఒక మాట, చివరి పోస్టులో ఒక మాట వెతకండి. మూడూ దొరకాలి.
- పైన "48 రిప్లైలు" అని ఉంటే నకలులో లెక్కపెట్టండి. సైటు తొలగించిన కామెంట్లను కూడా లెక్కలో ఉంచుతుంది గనక ఒకటి రెండు తగ్గితే ఫరవాలేదు. ఇరవై తగ్గితే మడతలు విప్పలేదన్నమాట, రెండో మెట్టుకు వెళ్లండి.
- ఫోటో మీద ఫోటో పెడుతూ నడిచిన చర్చ ఫైలు కొన్ని కేబీలే ఉంటే లోపల ఉత్త చట్రమే ఉంది.
- కుకీల నోటీసు, లాగిన్ పెట్టె మాటలకు అడ్డుపడి ఉంటే అసలు పేజీలో దాన్ని మూసేసి మళ్లీ సేవ్ చేయండి. నకలులో దాన్ని మూసే బటన్ పనిచేయదు.

అన్నీ సరిపోయాకే ఫోల్డరులోకి చేర్చి, బయటి డిస్కుకు కాపీ చేయండి. మూడో నకలు క్లౌడ్‌లో ఉంటే ఇంకా మంచిది. నెలకోసారి డిస్కులోంచి ఏదో ఒక ఫైలు తెరిచి చూస్తూ ఉండండి.

ఫోను నుంచైతే

ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ వాడితే సింగిల్‌ఫైల్ అక్కడా పనిచేస్తుంది. ఐఫోన్ సఫారిలో స్క్రీన్‌షాట్ తీసి, "ఫుల్ పేజ్" ఎంచుకుంటే పేజీ పీడీఎఫ్‌గా వస్తుంది. ఆ చర్చ నిజంగా ముఖ్యమనిపిస్తే లింకు మీకు మీరే పంపుకుని, ఆ రోజే కంప్యూటర్‌లో పూర్తి చేయండి. వారం ఆగితే మర్చిపోతారు.

చాట్ గ్రూపుల్లో నడిచిన చర్చ

వాట్సాప్‌లో గ్రూపు తెరిచి మెనూలో "ఎక్స్‌పోర్ట్ చాట్" నొక్కితే మాటలన్నీ టెక్స్ట్ ఫైలుగా వస్తాయి. పాత గ్రూపైతే మీడియాతో కలిపి తీయకండి, ఫోటోలతో పాటు తీస్తే తక్కువ సందేశాలే వస్తాయి. పెద్ద లోపం వేరే ఉంది: ఎవరు ఏ సందేశానికి రిప్లై ఇచ్చారో ఆ ఫైలులో ఉండదు. "అలా చేయకండి" అన్న మాట మిగులుతుంది, దేన్ని చేయొద్దన్నారో పోతుంది. కాబట్టి కీలకమైన రిప్లైలకు స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ఫైలు పక్కనే పెట్టండి. గ్రూపులో అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అనే సెట్టింగు ఆన్ చేసి ఉంటే ఎక్స్‌పోర్ట్ కుదరదు. అది సభ్యుల నిర్ణయం, దాన్ని దాటే ప్రయత్నం చేయవద్దు.

టెలిగ్రామ్‌లో ఈ ఇబ్బంది తక్కువ. కంప్యూటర్ యాప్‌లో చాట్ మెనూ నుంచి ఎగుమతి చేసి హెచ్‌టీఎమ్‌ఎల్ ఎంచుకుంటే ఏ రిప్లై దేనికో లింకులతో సహా వస్తుంది.

పేజీ అప్పటికే పోయి ఉంటే

పాత చిరునామాను వేబ్యాక్ మెషీన్‌లో పెట్టి, క్యాలెండరులో చుక్కలున్న తేదీలు చూడండి. ఒక తేదీది ఖాళీగా ఉంటే ఇంకోటి తెరవండి. చర్చ ముగిశాక తీసిన నకలు కావాలి గనక చివరి తేదీల నుంచి వెనక్కి రండి. ఏదీ లేకపోతే ప్రశ్నార్థకం తర్వాతి తోక తీసేసి మళ్లీ ప్రయత్నించండి. చిరునామా చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతికితే దాని కింద ఎక్కిన పేజీల పట్టిక వస్తుంది. మొదటి పేజీ పోయినా రెండు, మూడు పేజీలు అందులో దొరకొచ్చు. గూగుల్ తన దగ్గర దాచి చూపించే పేజీల నకళ్లను (క్యాష్) 2024లో తీసేసింది కాబట్టి పాత వ్యాసాల్లో చెప్పే ఆ దారి వెతక్కండి. చిరునామా కూడా లేకపోతే గుర్తున్న ఒక వాక్యాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. మంచి జవాబును ఇంకెవరో వేరేచోట ఎత్తి రాసి ఉండే అవకాశం ఉంది. అలా దొరికిన ముక్కను "ఇది భాగమే" అని జాబితాలో రాసి దాచండి, దాని కింద ఏ హెచ్చరికలు ఉండేవో మీకు కనిపించలేదు కాబట్టి.